నులక వదులైతే మంచం పారేస్తామా

(జాతీయ క్రీడా దినోత్సవం నాడు తిరుపతిలోని ఒక మహిళా కళాశాలలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, పొద్దున్నే వచ్చి గ్రౌండులో సున్నం గీతలు గీసిన అమ్మాయిలకు, పిల్లల ఆటలు చూద్దామని పనులు మానుకుని వచ్చిన తల్లులకు, అత్తలకు, అమ్మమ్మలకు నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం ‘క్రీడల్లో మహిళలు’. నాలుగు కాగితాలు రాసుకుని వచ్చాను కూడా. ఈ రోజు ఆగస్టు 29. ధ్యాన్‌చంద్ గారు 1905లో పుట్టిన రోజు, అందుకని మనకు ఆటల పండగ. గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టిందీ ఇదే రోజు, అందుకని తెలుగు భాషా దినోత్సవం. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలి, చదువు చెప్పాలి అని ఆయన పట్టుబట్టారు. పొద్దున బస్సులో ఆ కాగితాలు చూసుకుంటూ ఉంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. రాయడం సంగతి పక్కన పెట్టండి. మన ఆడవాళ్ళం నోటితో కూడా పలకని సంగతులు ఎన్ని ఉన్నాయో! ఆటలకూ మాటకూ ఒకే రోజు పండగ వచ్చినప్పుడైనా అందులో ఒకటి చెప్పకపోతే, ఇరవై రెండేళ్ళు పీఈటీగా, అంటే బడిలో ఆటల టీచరుగా పనిచేసి నేను సాధించింది ఏముంది? కాగితాలు సంచిలో పెట్టేశాను.

నేను మాట్లాడబోయేది కాన్పు తర్వాత మూత్రం ఆగకపోవడం గురించి. దగ్గితే, తుమ్మితే, పగలబడి నవ్వితే, నీళ్ళ బిందె ఎత్తితే, పరుగెత్తితే, చుక్కలు చుక్కలుగా పడిపోవడం గురించి.

చూశారా, హాలంతా ఎలా నిశ్శబ్దమైపోయిందో! వెనక నిలబడ్డ నాన్నలు, అన్నలు బయటికి వెళ్ళక్కర్లేదు. మీరు కూడా వినాల్సిన మాటే ఇది. మీ ఇంట్లోనే ఉంది.

నేను ఖోఖో ఆడి ఉద్యోగం తెచ్చుకున్న మనిషిని. మాది పుత్తూరు దగ్గర పల్లె. పోలు దగ్గర డైవ్ కొడితే మోచేతులు చీరుకుపోయేవి, సాయంత్రం మా అమ్మ వాటికి పసుపు అద్దేది. పెళ్ళయ్యాక కూడా ఆట మానలేదు. మొదటి కాన్పు తర్వాత కొంచెం తేడా తెలిసింది కానీ పట్టించుకోలేదు. రెండోవాడు పుట్టి, 180 రోజుల సెలవు అయ్యాక స్కూలుకి వెళ్ళాను. మండల స్థాయి ఎంపికలు దగ్గర పడ్డాయి. పిల్లలకు లాంగ్ జంప్ నేర్పిస్తున్నాను. ‘ఇలా కాదు, ఇలా’ అని నేనే పరుగెత్తి ఇసుకలో దూకాను. కాళ్ళు నేలను తాకగానే తెలిసిపోయింది. బూడిద రంగు ట్రాక్ ప్యాంటు. లేవలేదు. ఇసుకలో అలాగే కూర్చుని, మోకాలు పట్టిందని పిల్లలతో అబద్ధం చెప్పాను. గుప్పెళ్ళతో ఇసుక తీసుకుని ఒళ్ళో పోసుకున్నాను. ఆ ఇసుక తడి ఇప్పటికీ నా అరచేతులకు గుర్తుంది.

మర్నాటి నుంచి నల్ల ప్యాంట్లే. తర్వాత దూకడం మానేశాను. ఆ తర్వాత పరుగు. విజిల్ మెడలో వేసుకుని వేపచెట్టు కింద కుర్చీలో కూర్చునే టీచర్నయ్యాను. రెండేళ్ళు. అక్కడితో ఆగలేదు, నీళ్ళు తాగడం కూడా మానేశాను. తాగకపోతే పడదు కదా అనుకున్నాను. మే నెలలో తిరుపతి ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పాలా! మూత్రంలో మంట, చలి జ్వరం, ఇన్ఫెక్షన్. అమ్మలారా, ఆ పని మాత్రం చేయకండి. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రసంచిని ఇంకా రేపుతుంది, మలబద్ధకం వస్తుంది, ముక్కే కొద్దీ కింది కండరాల మీద బరువు పడుతుంది. బాలింత నీళ్ళు తాగితే పొట్ట వస్తుందని ఇప్పటికీ గ్లాసు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్ళున్నాయి. పాలిచ్చే తల్లికి నీళ్ళు లెక్కపెట్టకండి. చేతులెత్తి అడుగుతున్నాను.

అప్పుడు ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పేరు, ఊరు అనవసరం. మంటకు మాత్రలు రాశారు. లేచే ముందు ధైర్యం చేసి, ‘పరుగెత్తితే... కొంచెం... అవుతోందండి’ అన్నాను. ఎంఏ చదివిన నాకు అంతకంటే మాట రాలేదు. చీటీ మీద నుంచి తల ఎత్తకుండా, ‘ఇద్దరు పిల్లలు కదా, మామూలే’ అన్నారు.

మామూలే.

ఈ ఒక్క మాట మీద నాకున్న కోపం ఇన్నేళ్ళయినా పోలేదు. ఇంటికొచ్చి మా అమ్మకు చెప్పాను, అదే తడబాటుతో. అమ్మ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి పాత నూలు చీర చింపి, నాలుగు మడతలు పెట్టి, సూదితో చుట్టూ కుట్టిన గుడ్డలు ఆరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. కొత్తగా కుట్టినవి కావు. ఉతికి ఉతికి మెత్తబడినవి. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. మా అమ్మ గంగజాతరకు ఎందుకు రాదో, బస్సెక్కమంటే తలనొప్పి అని ఎందుకంటుందో, పెళ్ళిళ్ళలో వంటింటి తలుపు పక్కనే ఎందుకు కూర్చుంటుందో. నన్ను కన్న దగ్గర్నుంచీ అంతే. ముప్పై ఏళ్ళు. ఒకే ఇంట్లో ఇద్దరికీ ఒకే బాధ, ఇద్దరి మధ్యా మాట లేదు. ఆ గుడ్డలున్నాయి.

నాకు దారి చూపింది ఒక ఫిజియోథెరపిస్టు. టీచర్ల శిక్షణ శిబిరంలో మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పడానికి వచ్చింది. నాకన్నా చిన్నదే. గ్రౌండు చుట్టూ అందరూ పరుగెడుతుంటే నేను గట్టు మీద కూర్చున్నాను. పక్కన కూర్చుని, ‘అక్కా, దగ్గినప్పుడు పడుతుందా?’ అంది. అంతే! ‘అవుతోంది’ అనే నసుగుడు లేదు, ఇంగ్లీషు పేరు లేదు. ఎవరూ వేయని ప్రశ్న ఆ అమ్మాయి పచ్చి తెలుగులో వేసింది. నాకు ఏడుపొచ్చింది. గిడుగు వారి పుట్టినరోజున నేను తలుచుకునే తెలుగు వాక్యం అదే.

ఆమె చెప్పింది చెబుతాను, జాగ్రత్తగా వినండి. మన నడుం ఎముకల గూడు అడుగున, ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా కండరాలు అల్లుకుని ఉంటాయి. పెల్విక్ ఫ్లోర్ అంటారు. అచ్చం నులకమంచం లాగా. మూత్రసంచి, గర్భసంచి, మలద్వారం పైభాగం ఆ నులక మీదే నిలబడతాయి. తొమ్మిది నెలల బరువుకు అది సాగుతుంది, కాన్పులో ఇంకా సాగుతుంది, ఒక్కోసారి చిరుగుతుంది. సిజేరియన్ అయినవాళ్ళు మాకు రాదులే అనుకోకండి, మోసింది మీరు కూడా తొమ్మిది నెలలే కదా. కాన్పయిన వాళ్ళలో సుమారు ముగ్గురిలో ఒకరికి ఇది ఉంటుంది. అంత మందికి ఉంది కాబట్టి మామూలే అంటారు. జలుబు కూడా మామూలే, ముక్కు తుడుచుకుంటూ జీవితమంతా ఉండిపోతామా? నులక వదులైతే మంచం పారేస్తామా? కాళ్ళ వైపు తాడు పట్టి లాగి బిగిస్తాం.

ఆ బిగింపును 1948లోనే ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు రాసి పెట్టాడు. ఖర్చు లేదు, సామాను లేదు. ఇప్పుడే, కూర్చున్న చోటే చేద్దాం. ఎవరూ చేతులెత్తక్కర్లేదు, ఎవరు చేస్తున్నారో పక్కవాళ్ళకు తెలియదు. పెళ్ళి భోజనాల బంతిలో కూర్చున్నారు, గ్యాస్ వచ్చేలా ఉంది, బయటికి రానివ్వకూడదు. ఎలా బిగపడతారు? అలా వెనక నుంచి బిగించి, మూత్రం ఆపుకున్నట్టు ముందుకు తెచ్చి, లోపలికి పైకి లాగండి. తొడలు కదలకూడదు, పిరుదులు లేవకూడదు, ఊపిరి ఆపకూడదు. పట్టుకోండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు... వదలండి. పూర్తిగా వదలండి. వదలడం కూడా వ్యాయామమే, అది మర్చిపోతారు చాలామంది. మొదట్లో ఐదు అంకెలు పట్టలేకపోయినా ఫరవాలేదు, మెల్లగా పదికి తీసుకెళ్ళండి. ఒక్కో విడతకు ఎనిమిది నుంచి పది సార్లు, రోజుకు మూడు విడతలు. నేను పాలు కాగేటప్పుడు ఒకటి, బస్సులో ఒకటి, పిల్లవాణ్ణి పడుకోబెట్టేటప్పుడు ఒకటి చేసేదాన్ని. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకండి, అది మంచిది కాదు.

మూడు నెలలు చేయాలి. నాలుగు రోజులు చేసి గుణం లేదని వదిలేస్తే నులక బిగుస్తుందా?

ఇంకో కిటుకు. దగ్గో తుమ్మో వస్తోందని ముందే తెలుస్తుంది కదా, ఆ క్షణంలోనే బిగించి అప్పుడు తుమ్మండి. బిందె ఎత్తేముందు, బిడ్డను ఎత్తుకునేముందు కూడా. ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకుండా బయటికి వదులుతూ ఎత్తండి.

ఆటల వాళ్ళకు ఒక మాట, ముందు వరుస అమ్మాయిలు మీరు వినండి. మేరీ కోమ్ కవలలను కన్న తర్వాత 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. సానియా మీర్జా 2018లో కాన్పయి 2020 జనవరిలో హోబార్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచింది. పేపర్లో ఫోటో వేస్తారు. కాన్పుకీ కప్పుకీ మధ్య ఆ ఒళ్ళు మళ్ళీ ఎలా కుదురుకుంటుందో ఎవరూ రాయరు. నేను తప్పు చేశాను. పొట్ట వదులైంది కాబట్టి ఇలా అవుతోందని రోజుకు వంద సిటప్స్ తీశాను. ఊపిరి బిగబట్టి తీసిన ప్రతి సిటప్పూ వదులైన నులక మీద బరువు వేసింది. అలా చేయకండి. కాన్పయి నొప్పి తగ్గగానే నెమ్మదిగా బిగింపు మొదలుపెట్టవచ్చు, నడవవచ్చు. ఆపరేషన్ అయినవాళ్ళు, కుట్లు ఎక్కువ పడ్డవాళ్ళు డాక్టరును అడిగి చేయండి. పరుగు మాత్రం పన్నెండు వారాలకు ముందు వద్దు. 2019లో బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు రాసిన సూచనల్లో ఇది ఉంది. పన్నెండు వారాలు నిండాయి కదా అని లేచి పరుగెత్తమని కూడా కాదు. అరగంట నడవగలగాలి, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడగలగాలి, ఉన్నచోటే నిమిషం జాగింగ్ చేయగలగాలి, ఒంటికాలి మీద పదిసార్లు గెంతగలగాలి. వీటిలో దేనికైనా చుక్క పడినా, కింద బరువుగా లాగుతున్నట్టు అనిపించినా, ఇంకా సమయం కాలేదని అర్థం. నేను మొదట ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడకతో మొదలుపెట్టాను. యూనివర్సిటీ గ్రౌండు ఒక రౌండు ఆగకుండా పరుగెత్తడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

మంట, జ్వరం, మూత్రంలో రక్తం, కింద ఏదో గడ్డలా చేతికి తగలడం, మలం ఆగకపోవడం, మూత్రం అసలు రాకపోవడం ఉంటే ఈ వ్యాయామంతో కాలక్షేపం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. మూడు నెలలు సరిగ్గా చేసినా తగ్గకపోతే కూడా వెళ్ళండి. వేరే చికిత్సలున్నాయి. మన తిరుపతి ఆసుపత్రి స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కళాశాలే ఉంది. వెళ్ళి, ‘దగ్గినప్పుడు మూత్రం పడుతోంది’ అని పూర్తి వాక్యం చెప్పండి. ఎవరైనా మామూలే అంటే కుర్చీలోంచి లేవకండి. ‘మామూలే కావచ్చు, తగ్గడానికి ఏం చేయాలో చెప్పండి’ అని అడగండి.

వేదిక మీది పెద్దలను కూడా ఒకటి అడుగుతాను. మన గ్రౌండుల్లో ఆడపిల్లలకు తలుపూ నీళ్ళూ ఉన్న బాత్రూములు ఎన్ని ఉన్నాయి? పోటీలు పెడతాం, షామియానా వేస్తాం, శాలువాలు కప్పుతాం. అమ్మాయిలు పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్ళు తాగకుండా ఆడుతున్నారు, వెళ్ళడానికి చోటు లేక. నాకు ఈ రోజు కప్పబోయే శాలువా వద్దు. ఆ డబ్బుతో గ్రౌండు బాత్రూముకు ఒక గడియ పెట్టించండి. గడియ లేదు, పొద్దున నేను చూసి వచ్చాను.

మా అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ బిగింపు నాకు పట్టుబడ్డాక అమ్మకూ నేర్పాను. అరవై దాటినదానికి ఇప్పుడెందుకంది. పొద్దున కాఫీ పెట్టేటప్పుడు ఇద్దరం పక్కపక్కనే నిలబడి పది అంకెలు లెక్కపెట్టేవాళ్ళం. గుడ్డలు ఆరు కాస్తా రెండయ్యాయి. మొన్న సంక్రాంతి తర్వాత అలిపిరి మెట్లెక్కుదామంది. నమ్మలేకపోయాను. 3,550 మెట్లు వద్దు, గాలిగోపురం దాకా వెళ్ళి చూద్దాం అన్నాను. మెట్టు మెట్టుకీ పసుపు, కుంకుమ పెడుతూ ఒక కుటుంబం మా ముందు ఎక్కుతోంది. కుంకుమ గాలికి లేచింది. అమ్మ ఆగి, గోడ పట్టుకుని, గట్టిగా రెండుసార్లు తుమ్మింది. నేను భయపడి దగ్గరికి వెళ్ళాను, చేతిలో సంచి పట్టుకుని.

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, ‘బిగించినాలే పాపా, పద’ అంది.