నాడీతంతువుకు దారి చూపే నెట్రిన్: విజయనగరం సైన్స్ పాడ్‌కాస్ట్

వ్యాఖ్యాత: నమస్కారం. విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తున్న అధ్యాపకురాలు నేడు మనతో ఉన్నారు. మేడమ్, పిండంలో ఒక నాడీకణం తన తంతువును ఎటు పంపాలో ఎలా తెలుసుకుంటుంది?

అతిథి: పెరుగుతున్న తంతువు కొసన గ్రోత్ కోన్ అనే చురుకైన భాగం ఉంటుంది. చుట్టూ ఉన్న రసాయనాలే దానికి దారి చూపుతాయని 1890లలోనే స్పెయిన్ శాస్త్రవేత్త కాహాల్ ఊహించారు. ఆ రసాయనాన్ని చేజిక్కించుకోవడానికి మాత్రం శతాబ్దం పట్టింది. 1994లో నాడీశాస్త్రవేత్త టెస్సియర్-లవీన్ బృందం దాదాపు 25,000 కోడి పిండాల మెదళ్ల నుంచి నెట్రిన్ ప్రోటీన్లను శుద్ధి చేసింది. అంతటి ఓపికను మా ప్రయోగశాలలో ఎవరినుంచీ ఆశించలేను.

వ్యాఖ్యాత: నెట్రిన్ వెన్నుపాములో ఏం చేస్తుంది?

అతిథి: వెన్నుపాము పైభాగంలో పుట్టిన కొన్ని కణాల తంతువులు కిందికి దిగి, మధ్యరేఖను దాటి అవతలి వైపుకు వెళ్లాలి. వాటిపై ఉండే డీసీసీ అనే గ్రాహకం నెట్రిన్లలో ఒకటైన నెట్రిన్-1ను గుర్తించడంతో అవి దానివైపు ఆకర్షితమవుతాయి. యూఎన్‌సీ-5 అనే మరో గ్రాహకం ఉన్న తంతువులు మాత్రం అదే ప్రోటీన్ నుంచి దూరంగా మళ్లుతాయి. ఈ దాటడం ఎంత ముఖ్యమంటే, డీసీసీ జన్యువులో లోపం ఉన్న కొందరిలో ఒక చేయి కదిపితే రెండోదీ అసంకల్పితంగా అలాగే కదులుతుందని 2010లో తేలింది.

వ్యాఖ్యాత: మధ్యరేఖ దగ్గరి ఫ్లోర్ ప్లేట్ అనే కణాల పట్టీ నెట్రిన్‌ను వెదజల్లుతుందనీ, తంతువులు ఆ గాఢతను అనుసరిస్తాయనీ చదువుకున్నాం.

అతిథి: నేనూ ఏళ్ల తరబడి అదే బోధించాను. అయితే 2017లో రెండు బృందాలు ఎలుక పిండాల్లో ఫ్లోర్ ప్లేట్ నుంచి మాత్రమే నెట్రిన్‌ను తొలగించి చూడగా, తంతువులు చాలావరకు మధ్యరేఖను చేరుకున్నాయి. మధ్యలో ఉండే కేంద్ర కుహరం గోడలోని పూర్వగామి కణాలు, అంటే నాడీకణాలను పుట్టించే కణాలు, తమ పొడవైన పోగుల ద్వారా నెట్రిన్‌ను బయటి అంచుకు చేరవేస్తాయనీ, తంతువులు దాన్ని తాకుతూ పెరుగుతాయనీ వారు వాదించారు. దూరాన కనిపించే గంటస్తంభం వైపు నడవడం ఒకటి, చీకట్లో కోట గోడను తడుముకుంటూ నడవడం మరొకటి కదా!

వ్యాఖ్యాత: అంటే పాత బోధన తప్పేనా?

అతిథి: అలా కొట్టిపారేయడం తొందరపాటు. 2019లో వెన్నుపాముపై వెలువడిన పరిశోధనల్లో ఫ్లోర్ ప్లేట్ నెట్రిన్‌కూ పాత్ర ఉందనీ, రెండు చోట్లా దాన్ని తొలగిస్తే లోపం మరింత తీవ్రమవుతుందనీ వెల్లడైంది. ఒకే మూలాన్ని చూపే పాఠ్యపుస్తక చిత్రం పట్లే నా అభ్యంతరం.

వ్యాఖ్యాత: మరి పరీక్షలో మా వాళ్లు ఏం రాయాలి?

అతిథి: అడ్డుకోత బొమ్మ వేసి, ఫ్లోర్ ప్లేట్‌నూ కుహరం గోడనూ రెంటినీ గుర్తించి, రెండింటి నుంచీ బాణాలు గీయమనండి. నేనైతే పూర్తి మార్కులు వేస్తాను.