పొల్లు ఎంత దూరం పోయింది?

శ్రోతలకు నమస్కారం.

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. చేటతో ఎత్తి పోస్తుంటే గట్టి గింజ కాళ్ల దగ్గరే పడుతుంది, పొల్లు గాలికి అవతలికి పోతుంది. గాలి పడిపోతే రెండూ ఒకేచోట రాలతాయి. మర్నాడు ఆ కుప్పను చూసిన రైతు, నిన్న గాలి వీచిందో లేదో ఎవరినీ అడగకుండానే చెప్పేస్తాడు. వేల ఏళ్ల కిందట అట్లాంటిక్ సముద్రం అడుగున నీళ్లు పారాయో లేదో కూడా దాదాపు ఇలాగే కనుక్కున్నారు.

అడుగున నీళ్లు పారడమేమిటి అంటారా? ఉత్తర అట్లాంటిక్‌లో, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ చుట్టుపక్కల, ఉప్పటి నీరు చలికి బరువెక్కి కిందికి దిగుతుంది. కిలోమీటర్ల లోతున దక్షిణానికి సాగిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి పైన వెచ్చని నీరు ఉత్తరానికి వస్తుంది. 2004 నుంచి 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద సముద్రంలో వరసగా పరికరాలు దించి దీన్ని కొలుస్తున్నారు. సెకనుకు సుమారు 1.7 కోట్ల ఘనపు మీటర్ల నీరు! కానీ ఇరవై ఏళ్ల కొలతతో సముద్రం స్వభావం తెలిసిపోదు. అంతకుముందు సంగతి కావాలంటే బురదనే అడగాలి.

సముద్రపు నీళ్లలో యురేనియం కరిగి ఉంటుంది, ఎక్కడ చూసినా దాదాపు ఒకే పాళ్లలో. అది క్షీణిస్తూ థోరియం-230, ప్రొటాక్టినియం-231 అనే రెండు లోహాలను పుట్టిస్తుంది. రేడియోధార్మికత లెక్కన థోరియం 1000 వంతులకు ప్రొటాక్టినియం 93 వంతులు. ఈ 93 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. రెండూ నీళ్లలో నిలవవు. పైనుంచి రాలే నలుసులకు అంటుకుని అడుక్కి చేరతాయి. థోరియం మన గట్టి గింజ, కొన్ని పదుల ఏళ్లలోనే దిగిపోతుంది. ప్రొటాక్టినియం పొల్లు. నూరేళ్లకు పైనే నీళ్లలో తిరుగుతుంది, ఈలోగా ప్రవాహం దాన్ని దక్షిణంగా మోసుకుపోతుంది.

బెర్ముడాకు తూర్పున, నాలుగున్నర కిలోమీటర్ల లోతున, ప్రవాహాలు మెత్తటి మట్టి తెచ్చి పోసే చోటొకటి ఉంది. మామూలు లోతు సముద్రంలో వెయ్యేళ్లకు ఒకటి రెండు సెంటీమీటర్ల బురదే పేరుకుంటే, ఇక్కడ దానికి ఎన్నో రెట్లు. అక్కడ గొట్టం దించి తీసిన మట్టి చూడ్డానికి ఏమంత ఉండదు, బూడిదరంగు జిగట. కొంచెం తీసి ఆమ్లాల్లో కరిగించి, రెండు లోహాలనూ వేరుచేసి, పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలుస్తారు. పైపొరల్లో లెక్క, అంటే థోరియం 1000 వంతులకు ప్రొటాక్టినియం, 93కు బదులు 60 దరిదాపుల్లో వచ్చింది. అంటే పొల్లులో మూడోవంతు దాకా కొట్టుకుపోయింది, అడుగున నీరు పారుతోంది. కిందికి వెళ్తూ, దాదాపు 17,500 ఏళ్ల నాటి పొర చేరేసరికి అది 93ను ఇంచుమించు తాకింది. గింజా పొల్లూ ఒకేచోట! సముద్ర శాస్త్రవేత్త జెర్రీ మెక్‌మానస్ బృందం 2004లో ప్రచురించిన ఆ గ్రాఫ్‌ను మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేదు. అంత పెద్ద ప్రవాహం దాదాపు ఆగిపోయిందని చెబుతున్నది చిటికెడు బురద.

ఆ కాలంలో ఉత్తర అమెరికా మంచు ఫలకం నుంచి కెనడాలోని హడ్సన్ జలసంధి గుండా మంచుకొండలు దండుగా కొట్టుకొచ్చాయి. కరుగుతూ అవి జారవిడిచిన రాళ్ల పొరలను 1988లో జర్మన్ శాస్త్రవేత్త హార్ట్‌మూట్ హైన్రిష్ వివరించాడు. మంచు కరిగిన మంచినీరు తేలిక, ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. దిగాల్సిన నీరు దిగలేకపోయింది. సుమారు 12,900 ఏళ్ల కిందట ప్రవాహం మళ్లీ తడబడింది, అంత గట్టిగా మాత్రం కాదు.

ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పకూడదు. డయాటమ్‌లనే సూక్ష్మజీవుల సిలికా గుల్లలు ప్రొటాక్టినియాన్ని ఎక్కువగా పట్టుకుంటాయి, లెక్క తప్పించగలవు. అందుకే ఆ సిలికాను కూడా కొలుస్తారు. ఇంకో సాక్షి ఫొరామినిఫెరా అనే ఏకకణ సముద్రజీవి గుల్ల. బురదను సన్నజల్లెడలో కడిగితే రవ్వలాంటి తెల్లటి గుల్లలు మిగులుతాయి. వాటిని మైక్రోస్కోపు కింద తడి కుంచె మొనతో ఒక్కొక్కటే ఏరాలి. అడుగున బతికిన జాతి గుల్లలోని కార్బన్‌ను బట్టి, ఆ నీరు ఉత్తరాన కొత్తగా దిగినదో, ఎంతోకాలంగా లోతుల్లో మగ్గినదో చెప్పొచ్చు. ఆ సాక్షి కూడా, ఉత్తరాన పుట్టే నీరు ఆ కాలంలో వెనక్కి తగ్గిందనే చెబుతోంది.

ఇదంతా మనకెందుకు అనుకోకండి. మేఘాలయలోని మామ్లూ గుహలో, చుక్కచుక్కగా రాలే నీటితో పెరిగి నాటి వానల జాడ దాచుకున్న సున్నపు కడ్డీలను కొలిచి చూశారు. అట్లాంటిక్ అడుగున పొల్లు ఎగరని ఆ శతాబ్దాల్లోనే, ఇక్కడ నైరుతి వానలూ తగ్గిపోయాయి.