ఉల్మ్‌లో టెడ్డీ బేర్లు కుట్టేవాళ్లతో ఒక శనివారం, మన జాంబవంతుడితో సహా

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఈసారి వ్లాగ్‌లో సూపర్ మార్కెట్ లేదు, వంట లేదు, నేను చాలా కాలంగా మీకు పరిచయం చేయాలనుకుంటున్న మనుషులు ఉన్నారు. మేముండేది జర్మనీలో ఉల్మ్ అనే ఊళ్లో, డాన్యూబ్ నది ఒడ్డున. ఇక్కడ నెలకో శనివారం మధ్యాహ్నం చర్చి వాళ్ల కమ్యూనిటీ హాల్లో ఒక గది తీసుకుని కొంతమంది కలిసి చేత్తో టెడ్డీ బేర్లు కుడతారు. నేనూ వాళ్లలో ఒకదాన్ని. ముఖాలు తీయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఈ వీడియోలో మీకు ఎక్కువగా చేతులే కనిపిస్తాయి, ఈ పనిలో అసలు చూడాల్సింది కూడా వాటినే.

టేబుల్ మీద చూడండి. ఇవి గాజు కళ్లు, వెనకాల చిన్న తీగ కొక్కెం ఉంటుంది. ఇవి హార్డ్‌బోర్డ్ బిళ్లలు, ఇవి కాటర్ పిన్నులు, మన మెకానిక్ షాపుల్లో కనిపించేవే కానీ చిన్న సైజు. చేతులు, కాళ్లు, తల ఒంటికి తగిలించి గుండ్రంగా తిరిగేలా చేసేది ఈ బిళ్లలూ పిన్నులే, పిన్ను రెండు కొసల్నీ ప్లయర్‌తో చుట్ట చుట్టి బిగించాలి, వదులుగా ఉంటే కొన్నాళ్లకి చెయ్యి వేలాడిపోతుంది. పక్కనున్నది దబ్బనం. ఆ సంచీలో ఉన్నది చెక్కని సన్నటి పోగుల్లా గీసి తీసిన పొట్టు, పాతకాలం బేర్లలో ఎక్కువగా కూరింది ఇదే. ఇప్పుడు చాలామంది పాలిస్టర్ దూది వాడతారు, బరువు కోసం పొట్టలో సన్నటి స్టీల్ గుళ్లు పోస్తారు. మా గ్రూపులో ఇద్దరు మాత్రం చెక్క పొట్టు తప్ప ఇంకేదీ ముట్టుకోరు. నాకూ అదే ఇష్టం, నొక్కితే లోపల కరకరమంటుంది, ఆ చప్పుడు ఇంకే ఫిల్లింగ్‌లోనూ రాదు.

నేను వీళ్లని ఎలా పట్టుకున్నానని చాలామంది అడుగుతున్నారు. ఇక్కడ చాలా ఊళ్లలో ఫోక్స్‌హోఖ్‌షూలె అని పెద్దవాళ్ల కోసం నడిచే చదువుల కేంద్రం ఉంటుంది, భాషల దగ్గర్నుంచి కుట్టుపని, కుండలు చేయడం దాకా తక్కువ ఫీజుకి సాయంత్రం క్లాసులు పెడతారు. ఉల్మ్‌లో అది ఐన్‌స్టైన్ పేరు పెట్టిన భవనంలో ఉంది, ఆయన పుట్టింది ఈ ఊళ్లోనే కదా. నేను కుట్టు క్లాసుకి వెళ్లాను, అక్కడ పక్క సీటావిడ బ్యాగులోంచి సగం కుట్టిన ఎలుగుబంటి చెవి ఒకటి బయటపడింది. నేను దాన్ని చేతిలోకి తీసుకుని కుట్టు చూస్తుంటే ఆవిడ నా మొహం చూసి కాగితం మీద తేదీ, అడ్రస్ రాసిచ్చారు. అంతే అండి. అప్పటికి నా జర్మన్ పాల ప్యాకెట్ కొనుక్కునేంత వరకే, అయినా చెవిని తలకి ఏ కోణంలో పెట్టాలన్న విషయం మీద ఆవిడా నేనూ అరగంట మాట్లాడుకున్నాం.

ఇది కొంచెం గట్టిగా చెప్తాను. విదేశం వచ్చాక మన తెలుగువాళ్లు దొరికితే ప్రాణం లేచొస్తుంది, నేను కాదనను, మా ఉగాదులూ వనభోజనాలూ నాకు చాలా ముఖ్యం. కానీ మీకు చేతిపని ఏదైనా ఇష్టముంటే ఆ పని చేసేవాళ్లని కూడా వెతుక్కోండి. అక్కడ మీ ఉద్యోగం, వీసా, సొంతిల్లు ఎవరూ అడగరు. తీసుకొచ్చిన బేర్ తలకాయ ఇలా ఇవ్వండి అని అడుగుతారు, చూసి వాళ్లకి అనిపించింది చెప్తారు.

వీడియోలు చూసి నేర్చుకోలేమా అంటే కొంత నేర్చుకోవచ్చు. గుడ్డ వెనకవైపు నుంచి, చిన్న కత్తెర మొనతో అడుగు నేత మాత్రమే కత్తిరించాలి, ముందువైపు జుట్టు తెగకూడదు, ఇది వీడియోలో చక్కగా తెలుస్తుంది. నూగు ఏ వాలుకి ఉందో చూసి ప్యాటర్న్ మీద బాణం గుర్తు పెట్టుకోవడం కూడా తెలుస్తుంది. కానీ మూతి ఎంత గట్టిగా కూరాలో ఏ వీడియోలోనూ తెలియదు. అందరూ గట్టిగా కూరండి అంటారు, ఎంత గట్టిగా? మా గ్రూపులో అందరికంటే పెద్దావిడ తన బేర్ తల నా చేతిలో పెట్టి బొటనవేలితో నొక్కమన్నారు. నేను బలంగానే నొక్కాను, వేలు అసలు లోపలికి పోలేదు. అప్పుడు కారణం చెప్పారు: ముక్కు మీద దారంతో దగ్గరదగ్గరగా ఎంబ్రాయిడరీ చేసేటప్పుడు ప్రతి పోగూ గుడ్డని లాగుతుంది, లోపల మెత్తగా ఉంటే మూతి సొట్టపడి మొహమంతా ముడుచుకుపోతుంది. బొటనవేలికి తెలిసిన ఆ గట్టితనం నాకింక మర్చిపోవడం కుదరదు.

కళ్ల దగ్గర ఇంకా బాగుంటుంది. గాజు కన్ను కుట్టేముందు గుండ్రటి తల ఉన్న నల్ల గుండుసూదులు గుచ్చి చూసుకుంటాం, ఒక్క మిల్లీమీటరు జరిగితే మొహం మారిపోతుంది. దగ్గరికి తెస్తే అనుమానంగా చూస్తుంది, దూరం చేస్తే పసితనం వస్తుంది, కిందికి దించితే దిగులు. అందుకే ఒకరి బేర్ తల టేబుల్ చుట్టూ తిరుగుతుంది, ఒక్కొక్కరూ సూది కాస్త అటో ఇటో జరిపి పక్కవాళ్లకి ఇస్తారు, చివరికి అది కుట్టినావిడ చేతికొచ్చాక ఆవిడ తనకి నచ్చినచోట పెట్టుకుంటుంది. తర్వాత మైనం పట్టించిన గట్టి దారం, దబ్బనంతో మెడ వెనకకి లాగి బిగించి ముడేస్తే కన్ను లోపలికి కుదురుకుని చుట్టూ గుంట పడుతుంది. మొహంలో చూపు వచ్చేది అప్పుడే. ఆ నిమిషంలో గదిలో మాట్లాడేవాళ్లు కూడా ఆగి చూస్తారు.

మేముండేచోటు వల్ల ఇంకో అదృష్టం ఉంది. ఉల్మ్ నుంచి ఆలెన్ వైపు వెళ్లే లోకల్ రైలెక్కితే దారిలోనే గీంగెన్ అనే చిన్న ఊరు వస్తుంది. స్టైఫ్ కంపెనీ అక్కడిదే, చెవిలో బటన్ ఉండే బేర్లు అంటే మీకు గుర్తొస్తుంది, ఆ బటన్ 1904 నుంచి ఉంది. మార్గరెటె స్టైఫ్ అక్కడ 1847లో పుట్టారు. ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి, కుడి చెయ్యి కూడా సరిగ్గా లేచేది కాదు. ఊళ్లో పిల్లలు చేతిబండిలో కూర్చోబెట్టి ఆవిడని బడికి లాక్కెళ్లేవాళ్లట. కుట్టు మిషన్ చక్రం కుడిచేత్తో తిప్పలేక మిషన్‌నే వెనక్కి తిప్పి పెట్టుకుని ఎడమచేత్తో తిప్పి కుట్టారు. 1880లో గుండుసూదులు గుచ్చుకోవడానికని ఫెల్ట్ గుడ్డతో చిన్న ఏనుగు చేసి తెలిసినవాళ్లకి ఇస్తే పిల్లలు దాన్ని లాక్కుని ఆడుకున్నారు, కంపెనీ మొదలైంది ఆ ఏనుగుతోనే. ఎలుగుబంటి తర్వాత వచ్చింది. ఆవిడ తమ్ముడి కొడుకు రిచర్డ్ స్టైఫ్ స్టుట్‌గార్ట్ జూలో ఎలుగుల బొమ్మలు గీసుకుని 1902లో చేతులూ కాళ్లూ కదిలే బేర్ తయారుచేశారు, మరుసటి ఏడు లైప్సిగ్ సంతలో ఒక అమెరికా వ్యాపారి 3000 ఆర్డరిచ్చాడని కంపెనీ చరిత్ర చెబుతుంది. అదే 1902 నవంబరులో అమెరికాలో, టెడ్డీ అని ముద్దుగా పిలిచే అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వేటలో చెట్టుకి కట్టేసిన ఎలుగుని కాల్చనన్నాడు, దాని మీద పేపర్లో కార్టూన్ వచ్చింది, టెడ్డీ అన్న పేరు అటునుంచి వచ్చింది. 1907కి వచ్చేసరికి గీంగెన్‌లో ఏడాదికి 9 లక్షల 74 వేల బేర్లు కుట్టారు.

గీంగెన్‌లోని స్టైఫ్ మ్యూజియంలో నన్ను పట్టేసింది మాత్రం ఆ లక్షల లెక్క కాదండి. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో ఉన్నది 400 మంది, ఇళ్లలో కూర్చుని కుట్టినవాళ్లు 1800 మంది, ఎక్కువమంది ఆడవాళ్లే. అంటే ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో వంటింటి బల్ల మీద ఎలుగు చేతులూ కాళ్లూ కుప్పలుగా ఉండేవన్నమాట. మా పెద్దావిడ వాళ్లమ్మ కూడా అలా ఇంట్లో కుట్టినావిడే. మూతి గట్టిదనం ఆవిడ బొటనవేలికి ఎక్కడినుంచి వచ్చిందో నాకు అక్కడ నిలబడి ఉండగా అర్థమైంది.

గుడ్డ గురించి కూడా చెప్తాను, ఖర్చు అక్కడే ఎక్కువ. మంచి బేర్‌కి వాడేది మోహెయిర్, అంగోరా మేక జుట్టుతో నేసిన ప్లష్, అంటే ఒకవైపు నూగు ఉండే గుడ్డ, ఇప్పుడు ఆ జుట్టు ఎక్కువగా సౌత్ ఆఫ్రికా నుంచి వస్తుంది. జర్మనీలో దీన్ని నేసే పాత మిల్లు డూయిస్‌బుర్గ్‌లో ఉంది. మంచి రకం మీటరు వంద యూరోలు దాటడం మామూలే. అందుకని మేం కలిసి కొంటాం. మీటరు పొడవు, 140 సెంటీమీటర్ల పన్నా ఉన్న గుడ్డని నాలుగు భాగాలు చేస్తే ఒక్కో ముక్క 50 బై 70 వస్తుంది, 30 సెంటీమీటర్ల బేర్ ఒకటి అందులో సుఖంగా తేలుతుంది. ఇక్కడి లెక్కలు చాలా కచ్చితం, సెంట్లతో సహా పంచుకుంటారు. మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది కానీ ఇప్పుడు అదే హాయి, ఎవరికీ ఎవరూ బాకీ ఉండరు. మిగిలిన ముక్కలు మాత్రం ఒక డబ్బాలో వేస్తాం, చెవులకో పాదాలకో ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చు.

సరే, ఇప్పుడు నా బేర్. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోటల్లోకి ఎలుగుబంట్లు రావడం మా వైపు కొత్త కాదు, చీకటి పడ్డాక తోటకి వెళ్లొద్దని అమ్మమ్మ తిట్టేది. వెనకటికి ఎలుగుబంటిని ఆడించేవాళ్లు ఊళ్లోకొస్తే భయం పోవాలని పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టేవాళ్లు, దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి కట్టేవాళ్లు. ఇదంతా గ్రూపులో చెబితే కుట్టడం ఆపేసి విన్నారు. వాళ్ల బేర్లన్నీ గోధుమ రంగు, గుండ్రటి మొహం, పొట్టి మూతి. మన ఎలుగు అలా ఉండదండి. నల్లటి చింపిరి జుట్టు, పొడుగాటి బూడిదరంగు మూతి, ఛాతీ మీద తెల్లగా ఇంగ్లీషు వి అక్షరంలాంటి మచ్చ, పొడవాటి తెల్ల గోళ్లు, చెదలు తింటుంది, ఇప్పపూలు తింటుంది, తల్లి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. నేను దాన్నే కుడతానన్నాను. మన జాంబవంతుణ్ణి.

దానికి ప్యాటర్న్ ఎక్కడా దొరకలేదు, అందరం కూర్చుని గీశాం. రిటైరైన టైలరమ్మ ఒకావిడ ఛాతీ ముక్కని కోసి తెల్ల మోహెయిర్‌ని రవిక యోక్‌లా మధ్యలో చేర్చే పద్ధతి చెప్పారు, పైన అతికిస్తే ఎత్తుగా కనిపిస్తుందని. మూతి విడిగా పొట్టి నూగు ఉన్న బూడిదరంగు గుడ్డతో చేశాం. గ్రూపులో ఒకే ఒక్క మగాయన ఉన్నారు, ఆయనకి పాత బేర్లు రిపేరు చేయడం ఇష్టం, వంచితే గుర్రుమనే పెట్టె ఒకటి, లోపల చిన్న తిత్తీ బరువూ ఉండేది, తన పెట్టెలోంచి తీసి ఇచ్చారు. నల్ల గుడ్డ మీద గీతలు కనపడాలంటే తెల్ల పెన్సిల్ వాడాలి. కుట్టులో ఇరుక్కున్న జుట్టుని సూదితో ఒక్కో పోగూ బయటికి లాగాలి, పొడుగు జుట్టుకి ఆ పని సాయంత్రాలకి సాయంత్రాలు తినేస్తుంది. గోళ్లు తెల్లటి మందపాటి దారంతో ఎంబ్రాయిడరీ. వీపు మీద అరచేతిలో పట్టేంత పిల్ల ఎలుగు.

చూడండి, ఇదిగో. వంచుతున్నాను, వినండి... గుర్రుమంది కదా!

సంక్రాంతికి మా పాప పెట్టిన బొమ్మల కొలువులో కొండపల్లి దశావతారాల పక్కనే ఈయన్ని కూర్చోబెట్టాం. పేరంటానికి గ్రూపులో చాలామంది వచ్చారు, పసుపు కుంకుమ, తాంబూలం తీసుకున్నారు, చేగోడీలు అయిపోయేదాకా తిన్నారు. ఎలుగుబంటిని తెలివైనవాడని ఎందుకంటారని పెద్దావిడ అడిగారు. సముద్రం ముందు వానరులందరూ ఆగిపోయినప్పుడు హనుమంతుడికి నీ బలం నీకు తెలియదు, లే అని చెప్పింది ఈయనే అని చెప్పాను. ఆవిడ బొమ్మని చేతిలోకి తీసుకుని ముందు మూతి నొక్కి చూశారు. బాగుందన్నారు. ఆవిడ నోట ఆ మాట అంత తేలిగ్గా రాదండి, నాకు ఆ రోజంతా సంతోషమే.

పిల్లలున్నవాళ్లకి ఒక మాట. గాజు కళ్లు, పిన్నులు, స్టీల్ గుళ్లు ఉన్న బేర్లు పెద్దవాళ్లు దాచుకోవడానికి, చంటిపిల్లల చేతికి ఇవ్వకండి. చిన్నవాళ్లకైతే కళ్లు కూడా దారంతోనే కుట్టండి, లోపల పాలిస్టర్ దూది చాలు, కుట్లు రెండుసార్లు వేయండి.

వచ్చే శనివారం మా గ్రూపులో ఇంకో ఇద్దరు జాంబవంతుణ్ణి మొదలుపెడుతున్నారు, నల్ల మోహెయిర్ ఈసారి రెండు మీటర్లు తెప్పిస్తున్నాం, ఒక ముక్క ఇంకా ఎవరూ అడగలేదు. ఉల్మ్, హైడెన్‌హైమ్, ఆలెన్ వైపు ఉన్నవాళ్లెవరికైనా కుట్టాలనుంటే నాకు రాయండి, కుట్టుపని రాకపోయినా పర్లేదు, మంచి కత్తెర ఒకటి తెచ్చుకోండి చాలు. ఉంటానండి, బై.