దగ్గులూ చప్పట్లూ: ప్రివ్యూలలో ఒక కొత్త మ్యూజికల్

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. ఏ నవలకో, ఏ సినిమాకో రంగస్థల రూపం కాకుండా, కథా పాటలూ రెండూ కొత్తగా పుట్టిన మ్యూజికల్, అంటే పాటలతో కథ నడిపే నాటకం, న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో ప్రివ్యూలు ఆడుతున్నప్పుడు ప్రేక్షకుల స్పందనను ఎలా చదువుకోవాలన్నది ఈ పూట మన విషయం. చాలా ఏళ్లుగా పనిగట్టుకుని ప్రివ్యూలు చూస్తూ వస్తున్న మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, ప్రివ్యూ అంటే రిహార్సల్ అనుకునేవారు చాలామంది ఉన్నారు. ముందు ఆ సందేహం తీర్చండి.

అతిథి: రిహార్సల్ కాదమ్మా. టికెట్ కొనుక్కుని వచ్చినవారి ముందు పూర్తి వేషాలతో, పూర్తి ఆర్కెస్ట్రాతో జరిగే అసలు ప్రదర్శనే అది. అయితే నాటకం ఇంకా తయారీలోనే ఉంటుంది. పగలు నటీనటుల చేతికి కొత్త పేజీలు వస్తాయి, వాటిని సాధన చేస్తారు, చాలాసార్లు ఆ రాత్రికే ఆడేస్తారు. కొన్ని వారాలు ఇలా గడిచాక ఒక రోజున ఇక మార్పులు లేవని తేల్చేస్తారు. దానిని అక్కడివారు 'ఫ్రీజ్' చేయడమంటారు. విమర్శకులు చివరి ప్రివ్యూలకు వచ్చి చూస్తారు, వారి సమీక్షలు ప్రారంభోత్సవం నాటి రాత్రి వెలువడతాయి. పూర్వం ఈ దిద్దుబాటు ఎక్కువగా న్యూ హేవెన్, బోస్టన్, ఫిలడెల్ఫియా వంటి ఊళ్లలో జరిగేది. బృందాన్ని ఊరూరా తిప్పే ఖర్చు పెరిగిన కొద్దీ న్యూయార్క్‌లోనే ప్రివ్యూలు ఆడడం ఎక్కువైంది. ఒకప్పుడు పొరుగూరిలో గుట్టుగా సర్దుకున్న లోపాలను ఇప్పుడు అందరి కళ్లముందే సర్దుకోవలసి వస్తోంది.

నిర్వాహకురాలు: ఆ రాత్రి వచ్చిన ప్రేక్షకుడికి ఏమనిపించిందో తెలుసుకోవడానికి బయటికి వస్తున్నప్పుడు అడిగితే సరిపోదా?

అతిథి: అడిగితే చెబుతారు, కానీ ఆ మాటలలో సగం మర్యాద ఉంటుంది, మిగిలిన సగం పెట్టిన టికెట్ డబ్బును సమర్థించుకోవడం ఉంటుంది. నేను ఆ మాటల కంటే హాలులోని చప్పుళ్లనే ఎక్కువగా నమ్ముతాను. ఒక కొత్త మ్యూజికల్ రెండో ప్రివ్యూలో జరిగింది చెబుతాను, పేరు మాత్రం అడగవద్దు. మొదటి అంకంలో మూడో పాట నడుస్తోంది. గాయని గొంతు అద్భుతంగా ఉంది. రెండో చరణం మొదలు కాగానే నా పక్కనున్న పెద్దమనిషి ఒళ్లోని ప్రోగ్రామ్ పుస్తకం తెరిచి, వేదిక మీది వెలుతురు పడేటట్టు దానిని కొంచెం వంచి, పాటల జాబితాను వేలితో వెతకడం మొదలుపెట్టాడు. ముందు వరుసలో ఒకామె దగ్గింది. ఆమెను అనుసరించినట్టుగా బాల్కనీలో ఇద్దరు దగ్గారు. కథలో మునిగి ఉన్నవారు గొంతులో గరగరను కూడా కాసేపు ఆపుకుంటారమ్మా, పట్టు సడలినప్పుడే ఆ దగ్గు బయటికి వస్తుంది. పాట ముగిశాక చప్పట్లు బ్రహ్మాండంగా మోగాయి. ఆ మోత విని దర్శకుడు తృప్తిపడి ఉంటే ఆ రాత్రి ప్రివ్యూ వృథా అయినట్టే. చప్పట్లు గాయనికి, దగ్గులు పాటకు.

నిర్వాహకురాలు: అంటే ఆ పాటను తీసివేయడమే మందా?

అతిథి: తొందరపడితే అదే చేస్తారు. ప్రేక్షకుడు నొప్పి ఎక్కడుందో తప్పకుండా చూపిస్తాడు గానీ, రోగం ఎక్కడ మొదలైందో అతడికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. దీనికి నాకు ఎప్పుడూ గుర్తుకు వచ్చేది 'ఎ ఫన్నీ థింగ్ హాపెన్డ్ ఆన్ ద వే టు ద ఫోరమ్'. ప్రాచీన రోమన్ ప్రహసనాల ఆధారంగా అల్లిన హాస్య నాటకం అది. 1962లో న్యూయార్క్‌కు రాకముందు వాషింగ్టన్‌లో ఆడినప్పుడు జనం నవ్వలేదు. సంభాషణలు రాసినవారు ఆరితేరినవారు, నటులు హేమాహేమీలు, అయినా హాలు బిగుసుకుపోయింది. సలహా కోసం పేరున్న దర్శకుడు, నృత్య దర్శకుడు జెరోమ్ రాబిన్స్‌ను పిలిపించారు. ఆయన హాస్య సన్నివేశాల జోలికి పోకుండా మొట్టమొదటి పాటను పట్టుకున్నారు. ఆ పాట ప్రేమ గురించి సున్నితంగా సాగేది, దానితో ప్రేక్షకులు ఏదో మృదువైన ప్రేమకథ చూడబోతున్నామని సర్దుకుని కూర్చునేవారు. ఇది కడుపుబ్బ నవ్వించే ప్రహసనమని మొదటి నిమిషాలలోనే చెప్పమన్నారాయన. ఆ నాటకానికి పాటలు రాసి స్వరపరచిన స్టీఫెన్ సాండ్‌హైమ్ అప్పుడు రాసిన పాటే 'కామెడీ టునైట్'. ఆ పాట వచ్చి చేరిన తరువాత, నిన్నటి దాకా నిశ్శబ్దంలో కలిసిపోయిన హాస్యం పండింది. ఆ ఏడాది మే 8న మొదలైన నాటకం 964 ప్రదర్శనలు ఆడింది.

నిర్వాహకురాలు: పూర్తిగా కొత్త కథ అయితే ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది కదా?

అతిథి: చాలా పెరుగుతుంది. పేరున్న సినిమాను మ్యూజికల్‌గా మలిస్తే ప్రేక్షకుడు కథను ఇంటి నుంచే వెంట తెచ్చుకుంటాడు. కొత్త కథకు వచ్చినవాడు మొదటి పదిహేను నిమిషాలూ తనలో తాను ప్రశ్నించుకుంటూనే ఉంటాడు. ఇది ఎవరి కథ, ఇక్కడ నవ్వవచ్చా, ఈ మనిషిని నమ్మవచ్చా అని. ఈ ప్రశ్నలకు జవాబు దొరకక ముందే భారీ పాట పెడితే అతడు చెవితో వింటాడు కానీ మనసు పెట్టడు. నేను చెప్పిన మూడో పాటకు పట్టిన గతి అదేనని నా అనుమానం.

నిర్వాహకురాలు: చప్పట్లను మీరు మరీ తక్కువ చేస్తున్నట్టు అనిపిస్తోంది.

అతిథి: లేదమ్మా, చప్పట్లకు కూడా న్యాయం జరగాలి. 1959లో 'జిప్సీ' ఫిలడెల్ఫియాలో ఆడుతున్నప్పటి సంగతి చూడండి. అది ఒక ఆత్మకథ ఆధారంగా వచ్చిన నాటకమే అయినా మన విషయానికి సరిగ్గా సరిపోతుంది. చివరలో రోజ్ అనే తల్లి పాత్ర మనసు చెదిరి, ఖాళీ వేదిక మీద ఒంటరిగా పాడే పెద్ద పాట ఒకటుంది. కుప్పకూలిపోతున్న మనిషికి విజయగీతంలాంటి ముగింపు అబద్ధమవుతుందన్న ఆలోచనతో, పాటలు రాసిన సాండ్‌హైమ్, స్వరకర్త జూలీ స్టైన్ ఆ పాటను చప్పట్లకు చోటు లేకుండా, వయొలిన్ల కీచు స్వరం మీద ముగించారు. తర్కం బాగానే ఉంది. కానీ అక్కడ పాడుతున్నది బ్రాడ్‌వే మహాతార ఎథెల్ మెర్మన్. ప్రదర్శన చూసిన పెద్ద గీత రచయిత, సాండ్‌హైమ్ గురువు ఆస్కర్ హ్యామర్‌స్టైన్, జనం ఆమెకు చప్పట్లు కొట్టాలని తహతహలాడుతున్నారనీ, ఆ అవకాశం ఇవ్వకపోవడం వల్ల ఆ తరువాతి చివరి సన్నివేశాన్ని వినడం లేదనీ సాండ్‌హైమ్‌కు చెప్పారు. సాండ్‌హైమ్ ఇష్టం లేకుండానే ఒప్పుకున్నారు. పాటకు నిండైన ముగింపు ఇచ్చారు, జనం కరువుతీరా చప్పట్లు కొట్టారు, ఆ తరువాత తల్లీ కూతుళ్ల సంభాషణను చెవులప్పగించి విన్నారు. లోపల పేరుకుపోయిన చప్పట్లు కూడా వినికిడికి అడ్డమేనని నేను తెలుసుకున్నది ఈ ఉదంతం వల్లనే.

నిర్వాహకురాలు: పాట ముగింపు మార్చడం ఒక ఎత్తు. ప్రేక్షకుల కోసం కథ ముగింపునే మార్చడం మాత్రం లొంగిపోవడం కాదా? 'ఎ కోరస్ లైన్' సంగతి మనసులో పెట్టుకునే అడుగుతున్నాను.

అతిథి: మంచి చోట పట్టుకున్నారు. 1975లో న్యూయార్క్ పబ్లిక్ థియేటర్‌లో అది ప్రివ్యూలు ఆడుతున్నప్పుడు, ఒకప్పుడు ప్రధాన నర్తకిగా వెలిగి ఇప్పుడు నృత్య బృందం ఎంపికకు వచ్చి అందులో ఒకతెగా అవకాశం అడుగుతున్న క్యాసీ అనే పాత్రకు చివరలో ఉద్యోగం దొరికేది కాదు. నటి మార్షా మేసన్ నాటకం చూసి, ఆమెకు ఆ ఉద్యోగం ఇచ్చి తీరాలని దర్శకుడు మైకేల్ బెన్నెట్‌తో అన్నారట. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి సిద్ధపడిన మనిషికి తలుపు మూసేస్తే చూసేవారికి ఆశ మిగలదన్నది ఆమె వాదన. ముగింపు మారింది. నాటకం బ్రాడ్‌వేకు వెళ్లి 1990 దాకా 6,137 ప్రదర్శనలు ఆడింది. లొంగిపోవడమా అంటే, కొంతవరకు అవుననే అంటాను. రంగస్థల జీవితంలోని కాఠిన్యాన్ని చూపించడానికి పుట్టిన నాటకం అక్కడ కాస్త మెత్తబడింది. అయితే బెన్నెట్ ఓట్లు లెక్కపెట్టి మార్చలేదు. ఒక్క మనిషి చెప్పిన కారణం తన కథకు అతికిందా లేదా అని చూసుకున్నారు.

నిర్వాహకురాలు: స్పందనను పట్టించుకుని కూడా దెబ్బతిన్న నాటకాలు లేవా?

అతిథి: ఎందుకు లేవు? 'మెరిలీ వి రోల్ అలాంగ్' ఉంది. 1934 నాటి ఒక నాటకం దానికి మూలం. కథ చివరి నుంచి మొదటికి వెనక్కి నడుస్తుంది, పైగా నడివయసు పాత్రలను కూడా కుర్రవాళ్లే పోషించారు. 1981లో ప్రివ్యూలకు వచ్చినవారికి ఎవరు ఎవరో అంతు చిక్కలేదు, జనం మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. బృందం చెవులు మూసుకుని కూర్చోలేదు. ప్రారంభ తేదీని వెనక్కి జరిపింది, ప్రధాన నటుడిని మార్చింది, నృత్య దర్శకుడిని మార్చింది, దుస్తులన్నీ పక్కన పడేసి, ఎవరు ఎవరికి ఏమవుతారో ముద్రించిన బనియన్ల వంటి చొక్కాలు తొడిగింది. ఆ చొక్కాలను తలచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. కథ చెప్పలేని పనిని గుడ్డ మీది అక్షరాలకు అప్పగించారు. నాటకం 16 ప్రదర్శనలకే మూతపడింది. తరువాతి దశాబ్దాలలో చాలాసార్లు తిరగరాసుకుని మళ్లీ బ్రాడ్‌వేకు వచ్చిన అదే నాటకానికి 2024లో ఉత్తమ పునఃప్రదర్శనగా, బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే అత్యున్నత పురస్కారమైన టోనీ అవార్డు లభించింది. దానికి కావలసిన సమయం ప్రివ్యూల గడువులో ఇమడలేదు.

నిర్వాహకురాలు: గడువు అనగానే 'స్పైడర్‌మ్యాన్: టర్న్ ఆఫ్ ద డార్క్' గుర్తుకు వస్తుంది.

అతిథి: దానికి గడువే లేదమ్మా. 2010 నవంబర్ 28న మొదలై, 182 ప్రివ్యూలు ఆడి, 2011 జూన్ 14న ప్రారంభమైంది. విసిగిపోయిన విమర్శకులు ఫిబ్రవరిలోనే సమీక్షలు రాసేశారు. తీగలకు వేలాడే నటులు గాయపడుతున్నారన్న వార్తలు వచ్చాక, ఆ రాత్రి ఏ యంత్రం ఆగిపోతుందో చూద్దామని వచ్చేవారు కూడా తయారయ్యారు. అటువంటి హాలులో మూలుగుకూ కేరింతకూ అర్థం వెతకడం దండగ. వచ్చినవారు నాటకం చూస్తున్నారా, నాటకానికి పట్టిన గతిని చూస్తున్నారా అన్నది ముందు తేల్చుకోవాలి. మొదటి రెండు మూడు రాత్రులకు మరో రకం చిక్కుంది. అప్పుడు హాలులో బృందం బంధుమిత్రులూ, ఏం చూసినా పులకించిపోయే వీరాభిమానులూ ఎక్కువగా ఉంటారు. చివర లేచి నిలబడి చప్పట్లు కొట్టడం కూడా బ్రాడ్‌వేలో మామూలైపోయింది కాబట్టి దానిని లెక్కలోకి తీసుకోను.

నిర్వాహకురాలు: ఇటీవలి నాటకాలలో ప్రివ్యూ ప్రేక్షకులే నిలబెట్టినది ఏదైనా ఉందా?

అతిథి: 'మేబీ హ్యాపీ ఎండింగ్'ను చెప్పుకోవాలి. భవిష్యత్తులోని సియోల్ నగరంలో, పాతబడి పక్కన పెట్టేసిన రెండు సహాయక రోబోల ప్రేమకథ అది, దేనికీ అనుసరణ కాదు. విల్ ఆరన్‌సన్, హ్యూ పార్క్ రాసిన ఈ నాటకం 2016లో సియోల్‌లో ఆడింది. 2024 అక్టోబర్‌లో బెలాస్కో థియేటర్‌లో ప్రివ్యూలు మొదలైనప్పుడు వసూళ్లు బలహీనంగా ఉన్నాయి. రోబోల ప్రేమకథ అని ఒక ముక్కలో చెబితే ఎవరికైనా అనుమానం కలుగుతుంది మరి. చూసినవారు మాత్రం తమవారికి చెప్పడం ఆపలేదు, మౌత్ టాక్ పాకింది, నవంబర్ 12 నాటి ప్రారంభం తరువాత సమీక్షలు దానికి తోడయ్యాయి. 2025లో ఉత్తమ మ్యూజికల్ సహా 6 టోనీ అవార్డులు వచ్చాయి. కొత్త కథను ఒక వాక్యంలో అమ్మడం కష్టం, అందుకే చూసినవాడి నోటిమాట మీద అది అంతగా ఆధారపడుతుంది.

నిర్వాహకురాలు: ఒకే ఒక్క టికెట్ కొనగలిగినవారు ప్రివ్యూకు వెళ్లాలా, ప్రారంభమయ్యాక వెళ్లాలా?

అతిథి: నాటకం కోసమైతే ఫ్రీజ్ అయ్యాకే వెళ్లమంటాను. నాటకం ఎలా తయారవుతుందో చూడాలన్న కుతూహలం ఉంటే మొదటి వారంలో వెళ్లి, వెనక వరుసల్లో కూర్చుని, అప్పుడప్పుడు వేదిక మీది నుంచి చూపు తిప్పి ముందున్న తలలను గమనించమంటాను. తలలు కదలకుండా ఉన్నాయంటే కథ నడుస్తోందన్నమాట.

నిర్వాహకురాలు: ఇంతకీ ఆ మూడో పాట ఏమైంది మాస్టారూ?

అతిథి: ప్రారంభమైన తరువాత మళ్లీ వెళ్లాను. పాట అలాగే ఉంది, ఒక్క అక్షరం మారలేదు. దానికి ముందు మాత్రం ఆ అమ్మాయి స్టేషన్‌లో ఎవరి కోసమో ఎదురుచూసే చిన్న సన్నివేశం కొత్తగా చేరింది, రెండు నిమిషాలకు మించదు. పాట సాగినంతసేపూ దగ్గులు లేవు. నా పక్కనున్నావిడ ప్రోగ్రామ్ పుస్తకం తెరిచింది కానీ, పాట ముగిసి చప్పట్లు ఆగిన తరువాతే, ఆ పాట పేరేమిటో చూసుకోవడానికి.