వెబ్‌సైట్ నేర్చుకోవాలంటే ముందు ఏ పేజీ తెరవాలి?

(స్టూడియో చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: ఒక వెబ్ డెవలపర్, వెబ్ డిజైన్ నేర్పే శిక్షకురాలు, సొంతంగా నేర్చుకుంటున్న ఒక విద్యార్థిని.)

వ్యాఖ్యాత: నమస్కారం. వెబ్‌సైట్ తయారు చేయడం నేర్చుకోవాలని వెతికితే చాలు, కోర్సులు, వీడియోలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడతాయి. వాటిలో ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి అన్నదే ఇవాళ్టి చర్చ. ముందు నేర్చుకుంటున్నవారి మాట విందాం. మీ ఇబ్బంది ఏంటమ్మా?

విద్యార్థిని: వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుందండి. వాళ్లు టైప్ చేసిందే నేనూ చేస్తాను, పేజీ వస్తుంది. వీడియో ఆపి కొత్త ఫైల్ తెరిస్తే మాత్రం మొదటి లైన్ ఏం రాయాలో తోచదు. ఈ కోర్సు బాగాలేదేమో అనిపించి ఇంకోటి మొదలుపెడతాను. అందులోనూ మళ్లీ పేజీ రాసే భాష హెచ్‌టీఎంఎల్ అంటే ఏంటి అన్న దగ్గర్నుంచే.

శిక్షకురాలు: నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది ఇదే మాట చెప్తారు. కోర్సులో లోపం ఉండి కాదమ్మా. చూడటం వేరు, రాయడం వేరు. అందుకే మొదట్లో చూపించే సైట్లకన్నా మనచేత రాయించే సైట్లు మేలు. ఫ్రీకోడ్‌క్యాంప్ అలాంటిది. 2014లో మొదలైన, లాభాపేక్ష లేని సంస్థ. పాఠాలు ఉచితం. బ్రౌజర్‌లోనే ఒక పక్క పాఠం, ఇంకో పక్క మీరు రాసే కోడ్ ఉంటాయి. రాసింది సరిగ్గా ఉంటేనే తర్వాతి మెట్టుకు వెళ్లనిస్తుంది.

డెవలపర్: అక్కడే ఒక చిక్కుంది మేడమ్. ప్రతి మెట్టులోనూ ఏ ట్యాగ్ (ఏది శీర్షికో, ఏది లింకో బ్రౌజర్‌కి చెప్పే గుర్తు) పెట్టాలో అదే చెప్పేస్తుంది. మనం ఒక లైన్ నింపితే సరిపోతుంది. అలా ఎన్ని మెట్లు ఎక్కినా ఖాళీ ఫైల్ ముందు కూర్చుంటే మళ్లీ ఇదే తంటా.

శిక్షకురాలు: మెట్ల సంగతి మీరన్నట్టే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడి అసలు బలం ప్రాజెక్టులు. సర్వే ఫారం ఉంది చూడండి. పేరు, ఈమెయిల్, వయసు రాసే గడులు కావాలంటారు. ఈమెయిల్ తప్పుగా రాస్తే బ్రౌజర్ ఒప్పుకోకూడదంటారు. ఒక డ్రాప్‌డౌన్ ఉండాలి, సబ్మిట్ బటన్ ఉండాలి. ఏం కావాలో చెప్తారు తప్ప ఎలా రాయాలో చెప్పరు. ఆ ఒక్క ఫారం ఎవరి సాయం లేకుండా పూర్తి చేస్తే వచ్చే ధైర్యం ఏ వీడియో చూసినా రాదు.

వ్యాఖ్యాత: మీరైతే ఏది చెప్తారు సర్?

డెవలపర్: ఓపిక ఉన్నవాళ్లకి ది ఓడిన్ ప్రాజెక్ట్. అదీ ఉచితమే, పాఠాలన్నీ ఓపెన్ సోర్స్, అంటే వాటి మూలం అందరికీ అందుబాటులో ఉంటుంది. కోడ్ రాసే ఎడిటర్, మార్పుల చరిత్ర దాచే గిట్ లాంటివి మొదట్లోనే మన కంప్యూటర్లో పెట్టించి, ఉద్యోగంలో ఎలా పనిచేస్తామో అలాగే చేయిస్తుంది. చదవాల్సిన వ్యాసాలు చూపించి, ఇక కాలిక్యులేటర్ చేసుకురా అంటుంది. అయితే విండోస్ వాడేవాళ్లని ముందుగా లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోమంటుంది. కొత్తవాళ్లు కొందరు ఆ ఇన్‌స్టాలేషన్ దగ్గరే నీరసపడిపోతారు. అలాంటివాళ్లు మేడమ్ చెప్పినదాంతో మొదలుపెట్టడమే నయం. రెండూ ఒకేసారి మాత్రం వద్దు.

విద్యార్థిని: ఎండీఎన్ అనే వెబ్ వివరాల సైట్ చదవమని అందరూ అంటారు. తెరిస్తే భయమేస్తుంది సర్. అంత పెద్ద పేజీలు!

డెవలపర్: అది నిఘంటువు లాంటిదమ్మా. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివేది కాదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా 2005లో మొదలుపెట్టింది, ఇన్నేళ్ల అనుభవం తర్వాత కూడా నేను రోజూ తెరుస్తాను. ఒక ట్యాగ్ మీద సందేహం వస్తే ఆ పేరు, పక్కన ఎండీఎన్ అని కొట్టి వెతకండి. పేజీలో పైనున్న ఉదాహరణ చూడండి. కింద ఏ బ్రౌజర్‌లో ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో పట్టిక ఉంటుంది, అది చూడండి. మధ్యలోది అవసరమైనప్పుడే. కోర్సు ఒకటి, సందేహం తీర్చుకునే చోటు ఒకటి. ఈ రెండూ వేరని తెలియకే చాలామంది అలసిపోతున్నారు.

శిక్షకురాలు: మా పిల్లలు ఎక్కువగా డబ్ల్యూ3స్కూల్స్ తెరుస్తారు. 1998 నుంచి ఉంది. ఉదాహరణ పక్కనే బటన్ నొక్కి కోడ్ మార్చి చూసుకోవచ్చు, చిన్న సందేహాలకి హాయిగా ఉంటుంది. పేరు చూసి వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ వాళ్లదే అనుకుంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు.

వ్యాఖ్యాత: పాఠం పాతదా, పనికొచ్చేదా అని కొత్తవాళ్లు ఎలా పోల్చుకోవాలి?

డెవలపర్: తేదీ ఒక్కటే చూస్తే మోసపోతాం. హెచ్‌టీఎంఎల్ మూలాలు పెద్దగా మారలేదు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ అనే పరిశోధనా కేంద్రంలో ఉండగా 1991లో పెట్టిన మొదటి వెబ్‌సైట్ ప్రతిని సెర్న్ ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఉంచింది. నేటి బ్రౌజర్‌లోనూ చక్కగా తెరుచుకుంటుంది. దాని సోర్స్, అంటే వెనకున్న కోడ్ చూడండి: శీర్షిక, మామూలు రాత, లింకులు, అంతే. మారిందల్లా ఎక్కువగా పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్‌లోనే. పేజీని అడ్డం, నిలువు గడులుగా పంచే గ్రిడ్ అనేది 2017లో ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చింది. అంతకుముందు పేజీని మూడు నిలువు వరుసలు చేయాలంటే బొమ్మని ఒక పక్కకు జరపడానికి ఉద్దేశించిన ఫ్లోట్‌తో నానా పాట్లు పడేవాళ్లం. ఇప్పటికీ అలా నేర్పే పాఠం కనబడితే మూసేయండి. కాలం చెల్లిన ఫాంట్ ట్యాగ్, సెంటర్ ట్యాగ్ నేర్పినా అంతే.

శిక్షకురాలు: నేను ఇంకో గుర్తు చెప్తాను. పాఠంలో రాయించే మొదటి పేజీలోనే పేజీ గురించి బ్రౌజర్‌కి చెప్పే రెండు మెటా ట్యాగులు ఉన్నాయో లేదో చూడండి. ఒకటి అక్షరాల సంకేతం ఏదో చెప్పే చార్‌సెట్, యూటీఎఫ్-8 అని. అది లేకపోతే మన తెలుగు అక్షరాలు పిచ్చి గీతల్లా కనబడే ప్రమాదం ఉంది. రెండోది తెర వెడల్పు గురించి చెప్పే వ్యూపోర్ట్. అది లేకపోతే ఫోన్ ఆ పేజీని దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుని, కుదించి చూపిస్తుంది. అక్షరాలు చీమల్లా ఉంటాయి. ఈ రెండూ పెట్టించే ఉపాధ్యాయుడు మిగతావాటి గురించీ ఆలోచించే ఉంటాడు.

విద్యార్థిని: ఒక సందేహం. వెబ్ పేజీలు ఆన్‌లైన్‌లో పెట్టుకునే గిట్‌హబ్ పేజెస్‌లో నా పేజీ పెట్టాను. నా ల్యాప్‌టాప్‌లో ఫోటో కనిపిస్తుంది, అక్కడ మాత్రం రావట్లేదు. ఏ కోర్సులోనూ దీనికి జవాబు దొరకలేదు.

డెవలపర్: బ్రౌజర్ లోపలి సాధనాలు తెరిచే ఎఫ్12 నొక్కారా?

విద్యార్థిని: నొక్కాను, ఏం చూడాలో తెలియలేదు.

డెవలపర్: నెట్‌వర్క్ అనే ట్యాబ్ తెరిచి పేజీని రీలోడ్ చేయండి. ఎర్ర రంగులో 404 అని, అంటే ఫైల్ దొరకలేదని, ఒక లైన్ వస్తుంది. అది మీ ఫోటో ఫైలే అయ్యుంటుంది. ఆ పేరు, మీ ఫోల్డర్‌లో ఉన్న ఫైల్ పేరు పక్కపక్కన పెట్టి చూడండి. కెమెరా నుంచి వచ్చిన ఫైల్ చివర జేపీజీ అనేది పెద్ద అక్షరాల్లో ఉండి, కోడ్‌లో మీరు చిన్న అక్షరాల్లో రాసి ఉంటారు. విండోస్ రెండూ ఒకటే అనుకుంటుంది, ఆ సర్వర్ అనుకోదు. తేడా లేకపోతే ఫోల్డర్ దారి తప్పుగా రాశారేమో చూసుకోండి.

శిక్షకురాలు: వెబ్ నేర్చుకునే సాధనాల్లో బ్రౌజర్ లోపలే ఉన్న ఈ సాధనం ఎవరికీ గుర్తురాదు. నచ్చిన సైట్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ అంటే, ఆ మెనూ ఎలా కట్టారో విప్పి చూపిస్తుంది. సీఎస్ఎస్ విలువలు అక్కడే మార్చి చూడొచ్చు, అసలు సైట్‌కి ఏమీ కాదు. దానితోపాటు డబ్ల్యూ3సీ వాలిడేటర్. మీ కోడ్ అందులో వేస్తే ఏ లైన్‌లో ట్యాగ్ మూయలేదో చెప్తుంది.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఏఐని అడిగితే పేజీ మొత్తం అదే రాసిస్తోంది. ఇంకా ఇదంతా ఎందుకు అనేవాళ్లకి?

డెవలపర్: పేజీ కావాలంటే అడగండి, తప్పు లేదు. అసలు కోడ్‌తో పనే లేకుండా సైట్ ఒకటి నిలబడితే చాలనుకునేవాళ్లకి వర్డ్‌ప్రెస్ 2003 నుంచీ ఉంది. నేర్చుకోవాలంటే మాత్రం ముందు మీరే రాసి, అది ఎందుకు పనిచేయడం లేదో అడగండి. రాసివ్వమనకండి. అది చెప్పినదాన్ని ఒకసారి ఎండీఎన్‌లో సరిచూడండి. లేని సీఎస్ఎస్ ప్రాపర్టీని ఉన్నట్టు చెప్పడం నేను చూశాను.

విద్యార్థిని: ఇంగ్లీషులో చదవడమే నాకు టెన్షన్ సర్.

శిక్షకురాలు: ఫర్వాలేదమ్మా. విషయం తెలుగు వీడియోలో వినండి, ఎవరూ తప్పుపట్టరు. విన్నాక అదే అంశం ఎండీఎన్‌లో తెరిస్తే సగం మాటలు తెలిసినవే కనబడతాయి. ఎర్రర్ వస్తే కంగారుపడి మూసేయకుండా ఆ లైన్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసి వెతకండి. అదే లైన్ దగ్గర మీకన్నా ముందు ఎంతోమంది ఆగి ఉంటారు.

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. చివరి ప్రశ్న మీదే.

విద్యార్థిని: నా పేజీలో శీర్షిక రెండు వరుసల్లో వస్తే, పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకి తగులుతున్నాయి. ఫాంట్ మార్చాలా?

డెవలపర్: ముందు లైన్-హైట్, అంటే వరుస ఎత్తు చూడండి. చాలా పాఠాల్లో శీర్షికలకి 1.2 పెట్టిస్తారు. అది ఇంగ్లీషు అక్షరాలకి సరిపోతుంది. తెలుగుకి కిందా పైనా చోటు ఎక్కువ కావాలి. ఇన్‌స్పెక్ట్‌లో ఆ శీర్షికని పట్టుకుని 1.5, 1.6 అలా పెంచుతూ పోండి. ఎక్కడ తగలకుండా ఉందో ఆ విలువనే మీ ఫైల్లో రాయండి.