చలికాలంలో కోడిపిల్లలకి వేడి: ఏ వారం ఎంత ఇవ్వాలి?

నమస్కారమండీ. రాత్రి 11 అయ్యింది. మా గుణుపురంలో వంశధార వైపు నుంచి చలిగాలి కొడుతోంది. ముందు ఒక్క నిమిషం ఈ చప్పుడు వినండి... విన్నారా? సన్నగా, తాపీగా కిచకిచలాడుతున్నాయి. ఈ 50 వనరాజా రకం పెరటి కోడిపిల్లలకి ఇవాళ పన్నెండో రోజు. వెచ్చగా ఉంటేనే ఇలా ఉంటుంది. చలి వేస్తే గొంతు చించుకుని అరుస్తాయి, వీధిలోకి వినపడుతుంది.

మొన్న సంతలో ఒకాయన కలిశారు. 40 పిల్లలు తెచ్చుకుంటే నాలుగో రోజుకి సగం పోయాయట. "మేత పెట్టాను, మందు వేశాను, రాత్రంతా బల్బు వేశాను, ఇంకేం చెయ్యాలి బాబూ?" అన్నారు. ఏం బల్బండీ అని అడిగితే, ఎల్‌ఈడీ అన్నారు. నాకు కడుపు తరుక్కుపోయింది. నా మొదటి బ్యాచ్‌లో నేనూ అదే చేశాను. తెల్లారి చూస్తే ఒక మూల గుట్టగా పడి ఉన్నాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక పోయాయి.

ఎల్‌ఈడీ వెలుగిస్తుంది గానీ పిల్లకి సరిపడా వేడి ఇవ్వదు. తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి వేడీ తక్కువే. మనకి లోపల తీగ వెలిగే పాతకాలం ఫిలమెంట్ బల్బు కావాలి. పిల్లకి 1 వాట్ లెక్క, మన పుష్యమాసం చలికి 2 వాట్లు. 50 పిల్లలకి నేను 60 వాట్ల బల్బులు రెండు కడతాను. అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా రెండోది ఉంటుంది.

ఇంతకీ ఎందుకింత వేడి? పుట్టిన పిల్లకి ఒంటి మీద ఉన్నది నూగే. తన ఒంటి వేడిని తాను నిలబెట్టుకునే శక్తి ఇంకా రాలేదు. పెరట్లో పిల్లల కోడిని చూడండి. దాని ఒళ్లు 41 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. పిల్లలు రెక్కల కిందకి దూరి కాసేపు వెచ్చబడి, మళ్లీ బయటికొచ్చి గింజలు ఏరుకుంటాయి. అంటే వాటికి వెచ్చటి చోటు ఒకటి, దాని పక్కనే చల్లటి చోటు ఒకటి ఉండాలి. గదంతా కాగబెట్టేస్తే పిల్ల ఎక్కడికి పోతుంది?

అందుకే ఈ రేకు గుండ్రంగా చుట్టాను. అడుగున్నర ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. అట్టలతో చేసుకున్నా సరే, మూలలు మాత్రం ఉండకూడదు. కింద రెండు మూడు అంగుళాల మందాన ఊక. బల్బులు నడిమధ్యన, నీళ్లూ మేతా అంచున. రోజులు గడిచేకొద్దీ ఈ చుట్టు వెడల్పు చేస్తూ పోవాలి.

మొదటి వారం బల్బు కింద, పిల్ల వీపు ఎత్తున 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 35 సెల్సియస్. తర్వాత వారానికి 5 ఫారెన్‌హీట్ చొప్పున దించాలి. రెండో వారం 90, మూడో వారం 85, అలా 70 దాకా. బల్బుని తాడుతో కాస్త కాస్త పైకి లాగుతూ పోవడమే. చాలామంది ఇక్కడ మరిచిపోతారు. మొదటి రోజు కట్టిన ఎత్తులోనే మూడు వారాలు ఉంచేస్తారు. వేడి ఎక్కువైతే పిల్ల ముక్కు తెరిచి రొప్పుతుంది, రెక్కలు వాలుస్తుంది, మేత తగ్గించేస్తుంది.

థర్మామీటర్ లేదని టెన్షన్ పడకండి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి. రేకు అంచుకి అతుక్కుపోతే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకి చేరితే అవతలి నుంచి గాలి కొడుతోంది, ఆ సందు మూయండి. నాకు ఇంకో అలవాటు ఉంది, చూడండి, దీన్ని మెల్లగా పట్టుకుని... కాళ్లు ఇలా నా చెంపకి ఆనిస్తాను. గోరువెచ్చగా ఉన్నాయి. చల్లగా తగిలితే బల్బు దించాల్సిందే. తెల్లవారుజామున 3, 4 గంటలప్పుడు లేచి ఒకసారి ఇలా చూడండి. చలి అప్పుడే ముదురుతుంది.

కరెంటు పోతే? సీసాల్లో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి ఊక మీద పెట్టండి. పైన గోనెసంచి కప్పి ఒక పక్క సందు వదలండి. మన వైపు కుంపటి పెట్టేవాళ్లు ఎక్కువ. తలుపులు బిగించిన గదిలో మాత్రం వద్దండీ, బొగ్గు విషవాయువుకి పిల్లలే కాదు, పక్కన పడుకున్న మనిషీ పోతాడు.

కొరాపుట్, సెమిలిగుడ వైపు చలి మా కంటే ఎక్కువ, అక్కడివాళ్లు ఐదో వారం దాకా రాత్రి బల్బు తీయకండి. ఎండాకాలంలో తెచ్చుకుంటే పగలు ఎప్పుడు ఆపాలో పిల్లలే చూపిస్తాయి, బల్బుకి దూరంగా పోయి పడుకుంటాయి.

ఇదిగో, రెక్క విప్పి చూపిస్తాను. అంచున ఈకలు వచ్చేశాయి, వీపు మీద ఇంకా నూగే. ఆరో వారానికి ఒళ్లంతా ఈకలు కమ్ముతాయి, అప్పుడు పెరట్లోకి వదులుతాను. ఎల్లుండితో వీటికి రెండు వారాలు నిండుతాయి. ఆ రోజు బల్బు రెండంగుళాలు పైకి లాగి, ఇదే వేళకి మళ్లీ చూపిస్తాను.