రసీదు నంబర్లు వర్డే వేసుకుంటుంది: సీక్వెన్స్ ఫీల్డ్ రివ్యూ

నమస్కారం. నేను అంబాజీపేటలో డీటీపీ పని చేస్తాను. కొబ్బరికాయల వ్యాపారం సాగే ఊరు కదా, నా దగ్గరకు వచ్చే పనుల్లో ఎక్కువ రసీదు పుస్తకాలే. అసలు రసీదు మీద ఒక నంబరు, కౌంటర్‌ఫాయిల్ మీద, అంటే పుస్తకంలోనే మిగిలే ముక్క మీద, మళ్లీ అదే నంబరు. 500 రసీదులంటే 1000 చోట్ల వేయాలి. నిరుడు నేను చేత్తో వేసిన పుస్తకంలో 237 రెండుసార్లు పడింది. లెక్క కుదరక కొట్టు గుమస్తా రాత్రి దాకా కూర్చున్నాడని తెలిసి చాలా బాధపడ్డాను.

వర్డ్‌లోని రీప్లేస్ ప్రతి చోటా ఒకే మాట పెడుతుంది, దానంతటది నంబరు పెంచదు. అయితే అది పెట్టేది మాట కాకుండా ఫీల్డ్, అంటే వర్డ్ తనే లెక్కించి నింపే చోటు అయితే? చూడండి.

ముందు ఫైలుకు నకలు తీసుకోండి. అసలు రసీదులన్నిటిలో నంబరు ఉండాల్సిన చోట ‘అసలుసంఖ్య’ అని, కౌంటర్‌ఫాయిల్‌లో ‘నకలుసంఖ్య’ అని ఉంచాను. ఖాళీ చోట కంట్రోల్, ఎఫ్9 నొక్కితే మీసాల బ్రాకెట్లు వస్తాయి. వాటిని కీబోర్డుతో టైపు చేస్తే పని చేయదు. లోపల ఇంగ్లిషు అక్షరాల్లో ఎస్, ఇ, క్యూ (సీక్వెన్స్‌కు పొట్టి రూపం), ఖాళీ, రసీదు అన్న పేరు, ఆపైన వెనక్కి వాలిన గీత (బ్యాక్‌స్లాష్), హ్యాష్, ఖాళీ, నాలుగు సున్నాలు. ఆ సున్నాల వల్లే 1 కాస్తా 0001 అవుతుంది. మొత్తం ఫీల్డ్‌ను కట్ చేసి, కంట్రోల్ హెచ్ తెరిచి, వెతికే పెట్టెలో ‘అసలుసంఖ్య’, మార్చే పెట్టెలో టోపీ గుర్తు (^), చిన్న సి, అంటే ఇప్పుడు కట్ చేసినదాన్నే పెట్టమని. రీప్లేస్ ఆల్.

కౌంటర్‌ఫాయిల్‌కూ ఇదే పని, ఫీల్డ్‌లో వెనక్కి వాలిన గీత, సి అదనంగా చేర్చాలి. దాని వెంటనే ముందున్న నంబరునే అది మళ్లీ చూపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే: రెండు ముక్కలూ విడిపోయే అవకాశమే లేదు. అసలు రసీదు మాత్రం కౌంటర్‌ఫాయిల్ కంటే ముందు ఉండాలి.

ఇప్పుడు కంట్రోల్ ఏ, తర్వాత ఎఫ్9. నంబర్లు వరుసగా వచ్చేశాయి. మధ్యలో ఒక రసీదు తీసేసి మళ్లీ కంట్రోల్ ఏ, ఎఫ్9 నొక్కినా వరుస సర్దుకుంటుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. 501 నుంచి మొదలవ్వాలంటే మొదటి ఫీల్డ్‌లో మాత్రమే వెనక్కి వాలిన గీత, ఆర్, 501 చేర్చండి. అన్నిటిలో చేర్చితే అన్నీ 501 అవుతాయి. ఇంకొకటి, రసీదులను టెక్స్ట్ బాక్సుల్లో పెట్టకండి, కంట్రోల్ ఏ వాటి లోపలికి చేరదు. నేను పట్టిక గడుల్లో పెడతాను.

మాక్రోతోనూ, అంటే వర్డ్‌లో నడిచే చిన్న ప్రోగ్రాంతోనూ, ఈ పని అవుతుంది. కానీ ప్రెస్సులోని కంప్యూటర్‌లో మాక్రోలకు అనుమతి ఉండకపోవచ్చు. నా ఓటు ఫీల్డ్‌కే.

ప్రెస్సుకు పంపే నకలులో కంట్రోల్ ఏ నొక్కి, తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 నొక్కితే ఫీల్డులన్నీ మామూలు అంకెలైపోతాయి. ఇదిగో చివరి రసీదు: అసలు మీద 0500, కౌంటర్‌ఫాయిల్ మీద 0500. ఈ పుస్తకం రేపు అదే గుమస్తా చేతికి వెళ్తుంది.